సెర్చ్ కన్సోల్ రివ్యూ: మీ వెబ్‌సైట్ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో చూపించే టూల్

తిరుపతిలో లాడ్జీ కానీ, ట్రావెల్స్ కానీ, కల్యాణ మండపం కానీ, వెబ్‌సైట్ పెట్టుకున్న వాళ్లందరిదీ ఒకటే ఫిర్యాదు: "సైట్ పెట్టి ఏడాదైంది, గూగుల్‌లో ఎక్కడా కనిపించడం లేదు." ఈ మాటకు బజార్లో దొరికే జవాబు నెలవారీ ఎస్‌ఈఓ (సైటును గూగుల్ ఫలితాల్లో పైకి తెచ్చే పని) ప్యాకేజీ. అందులో పైసా కట్టేముందు తెరవాల్సింది గూగుల్ సెర్చ్ కన్సోల్. 2015 దాకా దీన్నే వెబ్‌మాస్టర్ టూల్స్ అనేవాళ్లు. అప్పుడూ ఇప్పుడూ ఉచితమే.

దీని విలువ ఒక్క విషయంలో ఉంది. 'కనిపించడం లేదు' అనే మాట వెనక మూడు వేరు వేరు జబ్బులుంటాయి. గూగుల్‌బాట్ అనే ప్రోగ్రాం మీ పేజీ దాకా వచ్చి దాన్ని తీసుకెళ్లాలి, అది క్రాలింగ్. తీసుకెళ్లిన పేజీని చదివి, దాచదగ్గదనుకుంటే తన పద్దులో రాసుకోవాలి, అది ఇండెక్సింగ్. ఎవరైనా వెతికినప్పుడు ఆ పద్దులోంచి తీసి ఒక వరుసలో చూపించాలి, అది ర్యాంకింగ్. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిన సైటుకు మూడో మెట్టు వైద్యం చేయించుకుంటున్న వాళ్లు మన ఊళ్లో చాలామంది. పేజీ పద్దులోకే ఎక్కనప్పుడు బయటి లింకులు కొన్నా, కీవర్డులు దట్టించినా ఒరిగేదేమీ లేదు. ఎక్కడ ఆగిందో ఈ టూల్ కచ్చితంగా చెబుతుంది. బాగుచేసే పని మాత్రం మీదే.

మా మార్కు 5కి 4. ఒక మార్కు ఎందుకు తగ్గిందో దారిలో చెబుతాం.

సెటప్‌లో తప్పులు జరిగే చోట్లు

జీమెయిల్‌తో లాగిన్ అయితే ప్రాపర్టీ ఏ రకం కావాలని అడుగుతుంది. డొమైన్, యూఆర్‌ఎల్ ప్రిఫిక్స్ అని రెండు ఉంటాయి. డొమైన్ రకం ఎంచుకోండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ, హెచ్‌టీటీపీ, హెచ్‌టీటీపీఎస్, సబ్‌డొమైన్లు అన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి. ప్రిఫిక్స్ రకంలో మీరు రాసిన అడ్రసు వరకే లెక్క. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ లేని అడ్రసు చేర్చుకుని, సైటేమో అది ఉన్న అడ్రసులో నడుస్తుంటే, రిపోర్టులు ఖాళీగా కనిపించి కంగారు పెడతాయి.

డొమైన్ రకానికి ఓనర్‌షిప్ నిరూపించాలంటే డీఎన్‌ఎస్‌లో (మీ డొమైన్ వివరాలుండే పట్టికలో) టీఎక్స్‌టీ రికార్డు అనే ఒక అక్షరాల వరుస చేర్చాలి. గూగుల్ ఇచ్చిన పొడుగాటి అక్షరాల వరుసను కాపీ చేసి, డొమైన్ ప్యానెల్లో కొత్త రికార్డుగా పెట్టి, హోస్ట్ గడిలో యాట్ గుర్తు పెడితే సరిపోతుంది. ఇక్కడ రెండు పొరపాట్లు జరుగుతుంటాయి. మొదటిది, డొమైన్ ఒక చోట కొని నేమ్‌సర్వర్లు (ఆ పట్టికను నడిపే సర్వర్లు) క్లౌడ్‌ఫ్లేర్ లాంటి వేరే చోటికి మార్చినప్పుడు రికార్డును పాత ప్యానెల్లోనే పెట్టడం. అది ఎన్నాళ్లు ఉన్నా పనిచేయదు. నేమ్‌సర్వర్లు ఎవరి దగ్గరున్నాయో అక్కడే చేర్చాలి. రెండోది ఇంకా నష్టం చేసేది: అప్పటికే ఉన్న టీఎక్స్‌టీ రికార్డును చెరిపి దాని స్థానంలో దీన్ని పెట్టడం. ఆ పాతది ఎస్‌పీఎఫ్ రికార్డు (మీ పేరుతో మెయిల్ పంపే హక్కు ఏ సర్వర్లకుందో చెప్పేది) అయితే మీ కంపెనీ మెయిళ్లు రేపటి నుంచి అవతలి వాళ్ల స్పామ్‌లో పడొచ్చు. ఉన్నదాన్ని ముట్టుకోకుండా మరో వరుస చేర్చండి. కొన్ని నిమిషాల్లో వెరిఫై కావచ్చు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. వెరిఫై అయ్యాక కూడా ఆ రికార్డును అలాగే ఉంచాలి, తీసేస్తే కొన్నాళ్లకు ఓనర్‌షిప్ పోతుంది.

ఎవరో ఒకరు ప్రాపర్టీ చేర్చిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది, అంతకు ముందరి కాలం దొరకదు. అందుకే సైట్ తెరిచిన రోజే ఈ పని అయిపోవాలి.

తర్వాత సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల అడ్రసుల జాబితా ఉన్న ఫైలు. ఒక ఫైలుకు 50,000 అడ్రసుల దాకా పడతాయి, 25 పేజీల లాడ్జీ సైటుకు ఆ హద్దుతో పనిలేదు. వర్డ్‌ప్రెస్ తనంతట తానే సైట్‌మ్యాప్ తయారుచేస్తుంది, దాని అడ్రసు ఇక్కడ ఇస్తే చాలు. 'సక్సెస్' అని పచ్చగా వస్తే ఫైలు చదవగలిగిందని మాత్రమే అర్థం, పేజీలన్నీ ఇండెక్స్ అయ్యాయని కాదు. ఆ ఫైల్లో ప్రయారిటీ, ఛేంజ్ ఫ్రీక్వెన్సీ అని అంకెలు దిద్దుతూ కూర్చోవడం వృథా, గూగుల్ వాటిని పట్టించుకోదు. పేజీ చివరిసారి మారిన తేదీని మాత్రం చూస్తుంది, అదీ నిజాయితీగా ఉంటేనే.

పేజెస్ రిపోర్టు: ఈ టూల్‌కు ప్రాణం

ఎడమ పక్క మెనూలో 'పేజెస్' నొక్కితే పచ్చరంగులో ఇండెక్స్ అయిన పేజీలు, బూడిద రంగులో కాని పేజీలు కనిపిస్తాయి. కింద ఒక్కో పేజీ ఎందుకు కాలేదో కారణం రాసి ఉంటుంది. ఆ కారణాలు చదవడం వస్తే ఎస్‌ఈఓలో సగం వచ్చినట్టే.

బూడిద రంగు కనిపించగానే భయపడక్కర్లేదు. 'పేజ్ విత్ రీడైరెక్ట్' (వేరే అడ్రసుకు మళ్లించే పేజీ), 'ఆల్టర్నేట్ పేజ్ విత్ ప్రాపర్ కనానికల్ ట్యాగ్' (అసలు పేజీ వేరే ఉందని చెప్పే నకలు) అనేవి మామూలే. తీసేసిన పేజీలకు 404 (పేజీ లేదనే జవాబు) రావడమూ సరైనదే. కానీ కొత్త సైటులో మొత్తానికి మొత్తం పేజీలు 'ఎక్స్‌క్లూడెడ్ బై నోఇండెక్స్ ట్యాగ్' (ఇండెక్స్ చేయొద్దని పేజీలోనే పెట్టిన గుర్తు) కింద ఉంటే కారణం దాదాపుగా ఒక టిక్కు మార్కు. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, అందులో రీడింగ్ తెరిస్తే అట్టడుగున సెర్చ్ ఇంజన్లు రావద్దని చెప్పే గడి ఉంటుంది. సైట్ కడుతున్నప్పుడు డెవలపర్ దాన్ని టిక్ చేస్తాడు, అది మంచి అలవాటే. సైట్ అప్పగించే రోజు తీయడం మరిచిపోతాడు. ఏడాది పాటు వచ్చిన నష్టానికి మందు ఒక్క క్లిక్.

దీనితో ముడిపడిన మరో చిక్కు రోబోట్స్ ఫైలు. ఒక పేజీ గూగుల్‌లో రాకూడదని కొందరు దాన్ని రోబోట్స్ ఫైల్లో అడ్డుకుంటారు, నోఇండెక్స్ కూడా పెడతారు. రెండూ కలిస్తే పని చెడుతుంది. రోబోట్స్ ఫైలు గూగుల్‌బాట్‌ను గుమ్మం దగ్గరే ఆపేస్తుంది. లోపలికి రాకపోతే లోపల గోడ మీద రాసిన నోఇండెక్స్‌ను అది చూడలేదు. వేరే సైట్ల నుంచి లింకులుంటే ఆ అడ్రసు వివరణ లేకుండా ఫలితాల్లో కనిపిస్తూనే ఉండొచ్చు. పేజీ పోవాలంటే రోబోట్స్ అడ్డు తీసి, నోఇండెక్స్ ఒక్కటే ఉంచాలి.

ఇక చాలామందిని తికమక పెట్టే జంట కారణాలున్నాయి. 'డిస్కవర్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే అడ్రసు తెలిసింది, ఇంకా వచ్చి చూడలేదు. సర్వర్ నెమ్మదిగా ఉన్నా, సైటులో ఎక్కడా ఆ పేజీకి లింకు లేకపోయినా ఇలా అవుతుంది. హోమ్ పేజీ నుంచో, ముఖ్యమైన పేజీ నుంచో దానికి లింకు ఇవ్వండి. 'క్రాల్డ్, కరెంట్లీ నాట్ ఇండెక్స్‌డ్' అంటే వచ్చి చదివింది, దాచుకోవడానికి ఏమీ కనపడలేదు. ఈ రెండోదానికి సాంకేతిక వైద్యం లేదు, పేజీలో సరుకు ఉండాలి.

తిరుపతి ట్రావెల్స్ సైట్లలో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తిరుపతి నుంచి కాణిపాకం క్యాబ్, శ్రీకాళహస్తి క్యాబ్, తిరుచానూరు క్యాబ్, వేలూరు క్యాబ్ అని నలభై పేజీలు కడతారు. ఊరి పేరు తప్ప మిగతా ప్రతి వాక్యమూ ఒకటే. వెతికేవాళ్లను లాక్కోవడానికే కట్టిన ఇలాంటి వాటిని గూగుల్ డోర్‌వే పేజీలంటుంది, దాని స్పామ్ నిబంధనల్లో ఇవి తప్పు. నలభై తీసేసి ఆరు ఉంచండి. ఆ ఆరింటిలో యాత్రికుడు నిజంగా అడిగేవి రాయండి. కాణిపాకం సుమారు 70 కిలోమీటర్లు, రానూపోనూ ఎన్ని గంటలు, ఏ బండికి ఎంత, టోలూ పార్కింగూ అందులో కలిసినవేనా? శ్రీకాళహస్తి 40 కిలోమీటర్ల లోపే, కానీ రాహుకేతు పూజ చేయించుకునే వాళ్ల కోసం బండి ఎంతసేపు ఆగాలి, వెయిటింగ్ ఛార్జీ ఎప్పటి నుంచి మొదలవుతుంది? పొద్దున రేణిగుంట ఎయిర్‌పోర్టులో దిగినవాళ్లు ముందు కాళహస్తి చూసుకుని తిరుపతి రావచ్చా? మీ డ్రైవర్లకు రోజూ ఫోన్లో వచ్చే ప్రశ్నలివే. వాటి జవాబులున్న పేజీని గూగుల్ వదులుకోదని మాట ఇవ్వలేం, కానీ దాచుకోవడానికి దానికంటూ ఒక కారణం దొరుకుతుంది.

తప్పు సరిదిద్దాక 'వ్యాలిడేట్ ఫిక్స్' బటన్ నొక్కితే మళ్లీ తనిఖీ మొదలవుతుంది. సాధారణంగా రెండు వారాల దాకా పడుతుంది. మధ్యలో రోజూ తెరిచి చూడటం వల్ల లాభం లేదు.

గూగుల్ కంటితో పేజీని చూడటం

పైన ఉన్న పెట్టెలో ఏదైనా పేజీ అడ్రసు పెడితే యూఆర్‌ఎల్ ఇన్‌స్పెక్షన్ తెరుచుకుంటుంది. 'టెస్ట్ లైవ్ యూఆర్‌ఎల్' నొక్కి, 'వ్యూ టెస్టెడ్ పేజ్' తెరిస్తే ఫోనులో గూగుల్‌బాట్‌కు పేజీ ఎలా కనబడుతుందో స్క్రీన్‌షాట్, పక్కన హెచ్‌టీఎంఎల్ (పేజీ లోపలి కోడ్) వస్తాయి. ఫోన్ అన్న మాట ముఖ్యం. గూగుల్ ఇప్పుడు మొబైల్ రూపాన్నే చదువుతుంది. కంప్యూటర్‌లో కనిపించే టారిఫ్ పట్టికను ఫోన్ పేజీలోంచి తీసేస్తే, గూగుల్ లెక్కలో అది లేనట్టే.

తెలుగు సైట్లకు ఈ హెచ్‌టీఎంఎల్ పక్క చాలా విలువైనది. తిరుపతి, చిత్తూరు డీటీపీ సెంటర్లలో బ్రోచర్లు, కరపత్రాలు అను ఫాంట్లలో టైపు చేయడం ఏళ్లుగా అలవాటు. ఆ మేటర్‌ను అలాగే తెచ్చి వెబ్‌సైట్‌లో అతికించి, ఫాంటు ఫైలు జత చేస్తే తెర మీద చక్కటి తెలుగు కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం యూనికోడ్ తెలుగు (ఏ కంప్యూటరైనా తెలుగని గుర్తుపట్టే అక్షరాలు) కాదు, ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలిసిన గజిబిజి. గూగుల్ చదివేది ఆ గజిబిజినే. మీ పేజీ నిండా 'శ్రీకాళహస్తి కలంకారీ' అని ఉన్నా, గూగుల్‌కు ఆ మాట ఒక్కసారి కూడా కనిపించదు. పరీక్ష సులభం. హెచ్‌టీఎంఎల్ పక్కన వెతుకు పెట్టెలో తెలుగులో 'కలంకారీ' అని కొట్టండి. దొరక్కపోతే మేటరంతా యూనికోడ్‌లోకి మార్చాలి. కన్వర్టర్లు ఉన్నాయి కానీ వత్తులు, ర-వత్తు, క్షకారం దగ్గర తప్పులు చేస్తాయి, మార్చాక మనిషి కూర్చుని ఒకసారి చదవాల్సిందే. మండలి, ఎన్టీఆర్, ధూర్జటి లాంటి యూనికోడ్ ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి, అందం కోసం పాత ఫాంటునే పట్టుకుని వేలాడే అవసరం లేదు.

ఇదే కోవలో మరొకటి, గది అద్దెలన్నీ పోస్టర్ బొమ్మగా పెట్టడం. బొమ్మలోని అక్షరాల మీద ఆధారపడకండి. నాన్ ఏసీ ఎంత, ఏసీ ఎంత, నలుగురు పడుకునే గది ఎంత, చెకవుట్ 24 గంటలా లేక మధ్యాహ్నం పన్నెండా, అన్నీ అక్షరాల్లో ఉండాలి.

పేజీ అడ్రసును తెలుగులో పెట్టొచ్చా అని అడుగుతుంటారు. గూగుల్‌కు ఇబ్బంది లేదు. కానీ కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోవచ్చు. 'తిరుపతి' అన్న చిన్న మాటలో గుడులు, కొమ్ములతో కలిపి ఏడు సంకేతాలుంటాయి, అంటే 63 గుర్తులు. చూసినవాడు అదేదో వైరస్ లింకు అనుకుంటాడు. మేటర్ తెలుగులో, అడ్రసు ఇంగ్లిష్ అక్షరాల్లో, అదీ చిన్నగా ఉంచడం మేలు.

'రిక్వెస్ట్ ఇండెక్సింగ్' బటన్ కూడా ఇక్కడే ఉంది. రోజుకు కొన్నిసార్లే వాడనిస్తుంది. ఒకే పేజీకి పదిసార్లు నొక్కితే వరుసలో ముందుకు వెళ్లదు.

పెర్ఫార్మెన్స్: అంకెలు చదవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు

నాలుగు అంకెలుంటాయి. ఇంప్రెషన్లు అంటే ఫలితాల్లో మీ లింకు ఎన్నిసార్లు వచ్చింది, క్లిక్కులు అంటే ఎన్నిసార్లు నొక్కారు, సీటీఆర్ అంటే ఆ రెంటి నిష్పత్తి, యావరేజ్ పొజిషన్ అంటే సగటున ఎన్నో స్థానం. విడివిడిగా వీటికి అర్థం తక్కువ. ఒక మాటకు 4,000 ఇంప్రెషన్లు, 20 క్లిక్కులు ఉన్నాయనుకోండి. సీటీఆర్ 0.5 శాతం. స్థానం 38 అయితే అది సహజమే, నాలుగో పేజీ దాకా ఎవరొస్తారు? స్థానం 4 అయ్యుండి ఇంతే వస్తుంటే టైటిల్‌ను అనుమానించాలి. 'హోమ్, వెల్కమ్ టు అవర్ లాడ్జ్' అని ఉన్న టైటిల్‌ను ఎవరు నొక్కుతారు? 'తిరుపతి ఆర్టీసీ బస్టాండ్ దగ్గర ఏసీ గదులు, 24 గంటల చెకవుట్' అని మార్చి నాలుగు వారాలు ఆగి చూడండి. కొన్నిసార్లు మీరు రాసిన టైటిల్‌ను గూగుల్ తానే మార్చి చూపిస్తుంది. ముఖ్యంగా పేజీలోని పెద్ద హెడ్డింగ్ ఒకటి, టైటిల్ మరొకటి చెబుతున్నప్పుడు ఇలా జరుగుతుంది. రెండూ ఒకే మాట మీద ఉండాలి.

క్వెరీల జాబితాలో మరో సంగతి బయటపడుతుంది. తిరుపతి లాడ్జీ సైటుకు 'తిరుమల కొండ మీద రూమ్స్' అనే మాటకు వేల ఇంప్రెషన్లు వచ్చి క్లిక్కులు రాకపోతే బాధపడొద్దు. ఆ మాట కొట్టినవాడికి కావలసింది టీటీడీ వసతి గది. వాడిని మాయ చేసి మీ పేజీకి తెచ్చినా బుకింగ్ అవదు, వెనక్కి పోతాడు. పైగా టీటీడీ పేరు వాడుకునే నకిలీ సైట్ల మధ్య మీ పేరు కలవడం మంచిది కాదు. మీ మాటలు వేరు: బస్టాండ్, రైల్వే స్టేషన్, అలిపిరి, శ్రీవారి మెట్టు, ఫ్యామిలీ రూమ్, లగేజీ రూమ్, పొద్దున మూడు గంటలకు చెకిన్.

ఇంగ్లిష్ అక్షరాల్లో తిరుపతిని 'హెచ్' పెట్టి రాసేవాళ్లు, పెట్టకుండా రాసేవాళ్లు ఇద్దరూ ఉన్నారు. రెండింటికీ విడివిడి పేజీలు అక్కర్లేదు, రెండూ ఒకటేనని గూగుల్‌కు తెలుసు. లెక్క చూసుకోవాలంటే ఫిల్టర్‌లో రెజెక్స్ (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతి) ఎంచుకుని రెండు స్పెల్లింగులనూ మధ్యలో నిలువు గీత పెట్టి రాస్తే కలిపి చూపిస్తుంది.

తిరుపతి వ్యాపారులు అన్నింటికన్నా జాగ్రత్తగా వాడాల్సింది పోలిక. 'గత ఏడాది ఇదే నెల' అని పోల్చి ట్రాఫిక్ పడిపోయిందని హడలిపోతారు. మన సీజన్ క్యాలెండర్ నెలను బట్టి నడవదు, పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. శ్రీవారి బ్రహ్మోత్సవాలు 2024లో అక్టోబరు 4 నుంచి 12 వరకు జరిగాయి, 2025లో సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 2 వరకు. అక్టోబరును అక్టోబరుతో పోలిస్తే సైటులో ఏ లోపమూ లేకున్నా గీత కిందికే ఉంటుంది. కస్టమ్ తేదీలు ఎంచుకుని 2025 సెప్టెంబరు 10 నుంచి అక్టోబరు 2 వరకు ఒక వైపు, 2024 సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 12 వరకు మరో వైపు పెట్టాల్సింది. రెండూ 23 రోజులే, పండగ రెంటిలోనూ చివరనే వస్తుంది. వైకుంఠ ఏకాదశి సంగతి ఇంకా తిరకాసు. 2024లో అసలు రానే లేదు, 2025లో జనవరి 10న ఒకటి, డిసెంబరు 30న మరొకటి వచ్చాయి. ఈ తేడా తెలియని ఏజెన్సీ ఇచ్చే నెలవారీ రిపోర్టులో పైకి పోయిన బాణమూ, కిందికి దిగిన బాణమూ రెండూ నమ్మదగినవి కావు.

కన్సోల్ 16 నెలల లెక్క మాత్రమే దాస్తుంది. రెండు మూడేళ్ల పండగలు పోల్చాలనుకుంటే ప్రతి నెలా ఎక్స్‌పోర్ట్ నొక్కి షీట్‌లో దాచుకోవాల్సిందే.

మార్కు తగ్గించింది ఇక్కడే. పట్టికలో 1,000 వరుసలకు మించి చూపించదు. చాలా తక్కువమంది వెతికిన మాటలను గోప్యత పేరుతో దాచేస్తుంది, చిన్న సైట్లకు ఈ దాచిన వాటా బాధ కలిగించేంత ఉంటుంది. దేశం వారీగా లెక్క ఇస్తుంది తప్ప ఊరి వారీగా ఇవ్వదు. తిరుపతి లాడ్జీకి గిరాకీ వచ్చేది చెన్నై నుంచా, బెంగళూరు నుంచా, హైదరాబాద్ నుంచా అన్నదే కదా అసలు ప్రశ్న. గూగుల్ ఏఐ ఇచ్చే సమాధానాల్లో మీ లింకు వచ్చినా ఆ లెక్క మామూలు వెబ్ లెక్కలోనే కలిసిపోతుంది, విడిగా తెలియదు. యావరేజ్ పొజిషన్‌ను మీ ఫోన్‌లో వెతికి సరిచూసుకోవడమూ కుదరదు. లీలామహల్ సర్కిల్‌లో నిలబడి వెతికితే వచ్చే వరుస వేరు, హైదరాబాద్‌లో కూర్చుని వెతికితే వచ్చే వరుస వేరు.

కలంకారీ షాపుల వాళ్లు సెర్చ్ టైపును 'ఇమేజ్' అని మార్చి ఒకసారి చూడాలి. చీర కొనేవాళ్లు బొమ్మలు చూసి వస్తారు. ఫొటో ఫైలు పేరు కెమెరా ఇచ్చిన అంకెలతోనే ఉండి, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే రాత) ఖాళీగా ఉంటే ఆ దారి మూసుకున్నట్టే. 'కలంతో చేత్తో వేసిన శ్రీకాళహస్తి కలంకారీ పట్టు చీర, నెమలి అంచు' అని రాయండి. మచిలీపట్నం అచ్చు పనికీ కాళహస్తి కలం పనికీ తేడా ఏమిటి, కరక్కాయ రసంలో, పాలలో గుడ్డను ఎందుకు నానబెడతారు, ఉతికేటప్పుడు ఏ జాగ్రత్త, ఇవి రాసిన పేజీ చీరల వరుస మాత్రమే ఉన్న పేజీ కంటే ఎంతో మేలు. చిత్తూరు మామిడి గుజ్జు ఎగుమతిదారులకు కంట్రీస్ ట్యాబ్ పనికొస్తుంది. ఏ దేశం నుంచి తోతాపురి పల్ప్ అని వెతుకుతున్నారో చూసి, బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లత, డ్రమ్ము బరువు, కనీస ఆర్డరు వివరాలు పేజీలోనే పెట్టాలి.

వేగం, లింకులు, భద్రత

పేజీ వేగాన్ని చూపే కోర్ వెబ్ వైటల్స్ రిపోర్టులో మూడు కొలతలుంటాయి. పేజీలో అన్నింటికన్నా పెద్ద బొమ్మో, రాతో 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, లోడ్ అవుతుండగా పేజీ కదిలిపోయే స్కోరు 0.1 దాటకూడదు. చిన్న సైట్లకు తగినంత డేటా లేదని ఈ రిపోర్టు ఖాళీగా రావడం మామూలు, అప్పుడు గూగుల్‌దే అయిన పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో పరీక్షించుకోవాలి. లాడ్జీ సైట్లలో దోషి దాదాపు ఎప్పుడూ ఫొటోనే. ఫోన్‌తో తీసిన నాలుగైదు ఎంబీల గది ఫొటో అలాగే ఎక్కించేస్తారు. 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ అనే ఫార్మాట్‌లో దాస్తే 150 కేబీ చుట్టుపక్కలకు వస్తుంది. వెడల్పు, ఎత్తు కోడ్‌లో రాస్తే పేజీ కదలదు. పైన మొట్టమొదట కనిపించే ఫొటోకు లేజీ లోడ్ (కిందికి జరిపాకే బొమ్మ తెచ్చే పద్ధతి) పెట్టకండి, అది నెమ్మదిస్తుంది. సరిచేశాక రిపోర్టులో మార్పు కనపడటానికి 28 రోజులు పడుతుంది.

లింక్స్ రిపోర్టు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఎవరు లింకు ఇచ్చారో నమూనా చూపిస్తుంది. వందల లింకులు అమ్మే ప్యాకేజీలకు దూరంగా ఉండండి, కొన్న లింకుల మీద గూగుల్ 2012లో పెంగ్విన్ అప్‌డేట్ తెచ్చినప్పటి నుంచీ ఆ వ్యాపారం కూలుతూనే ఉంది.

సెక్యూరిటీ ఇష్యూస్, మాన్యువల్ యాక్షన్స్ (నిబంధనలు తప్పితే గూగుల్ మనుషులు వేసే శిక్షలు) పేజీలు నెలకోసారి తెరవండి. పాత ప్లగిన్ల వల్ల వర్డ్‌ప్రెస్ సైటులోకి చొరబడి జపాన్ భాషలోనో, జూదం పేర్లతోనో వేల పేజీలు పుట్టిస్తుంటారు. హోమ్ పేజీ మాత్రం మామూలుగానే కనిపిస్తుంది. ముందుగా తెలిసేది కన్సోల్‌లోనే: పేజెస్ రిపోర్టులో పాతిక ఉండాల్సిన చోట వేలు కనిపిస్తాయి, మీరు పెట్టని సైట్‌మ్యాప్ ఒకటి ఉంటుంది, యూజర్స్ జాబితాలో తెలియని మెయిల్ ఐడీ ఓనర్‌గా ఉంటుంది.

ఎవరికి కావాలి, తాళం ఎవరి దగ్గర ఉండాలి

గాంధీ రోడ్డులో ఇడ్లీ కొట్టుకో, బైరాగిపట్టెడలో టైలరింగ్ షాపుకో ఇది అక్కర్లేదు. వాళ్లకు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్‌లో షాపు వివరాలు చూపేది) చాలు. మ్యాప్‌లో వరుసను నిర్ణయించేవి ముఖ్యంగా మూడు: వెతికినదానికి సరిపోవడం, దూరం, పేరుప్రఖ్యాతులు. అక్కడ షాపు పేరుకు 'బెస్ట్ టిఫిన్ సెంటర్ ఇన్ తిరుపతి' అని తగిలించడం నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్ ఆగిపోవచ్చు. బోర్డు మీదున్న పేరే పెట్టాలి. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామనడమూ తప్పే. వెబ్‌సైటూ ప్రొఫైలూ రెండూ ఉన్నవాళ్లు ప్రొఫైల్‌లో ఇచ్చే లింకు చివర యూటీఎం ట్యాగు (క్లిక్కు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే గుర్తు) తగిలిస్తే, సెర్చ్‌లో ప్రొఫైల్ నుంచి వచ్చిన క్లిక్కులు కన్సోల్‌లో వేరే పేజీ వరుసగా విడిపోయి కనిపిస్తాయి.

ఏజెన్సీకి పని అప్పగిస్తే తప్పేమీ లేదు, మంచివాళ్లు ఉన్నారు. 'మొదటి స్థానం గ్యారంటీ' అన్నవాళ్లను మాత్రం అక్కడే ఆపండి, ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన సలహాల్లోనే రాసింది. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో దాచి రాసే మాటల జాబితా) నింపుతామని బిల్లులో ఉంటే అదీ కొట్టేయించండి, ర్యాంకింగ్‌కు ఆ ట్యాగును వాడట్లేదని గూగుల్ 2009లోనే చెప్పింది.

డొమైన్ మీ పేరు మీద, మీ ఫోన్ నంబరుతో ఉండాలి. కన్సోల్‌లో వెరిఫైడ్ ఓనర్ మీరే కావాలి, వాళ్లను 'ఫుల్' యూజర్‌గా చేర్చండి. రిపోర్టు చూడటానికి మాత్రమే అయితే 'రెస్ట్రిక్టెడ్' చాలు. ఒప్పందం ముగిసిన రోజు వాళ్ల మెయిల్ ఐడీని తీసేస్తే సరిపోదు. ఓనర్‌గా వెరిఫై కావడానికి వాళ్లు పెట్టిన టీఎక్స్‌టీ రికార్డో, హెచ్‌టీఎంఎల్ ఫైలో, మెటా ట్యాగో సైటులోనే మిగిలి ఉంటే దాంతో మళ్లీ ఓనర్ కాగలరు. సెట్టింగ్స్‌లో యూజర్స్ అండ్ పర్మిషన్స్ తెరిచి, ఓనర్ పేరు పక్కన వివరాల్లో ఏ పద్ధతిలో వెరిఫై అయ్యారో చూసి, ఆ రికార్డును కూడా తొలగించండి. చెరిపేది వాళ్లదో మీదో అక్షరం అక్షరం పోల్చుకున్నాకే చెరపండి.